బాంబర్గ్ పొగ బీరు: ఎక్కడ తాగాలి, ఎక్కడ దిగాలి

మ్యూనిక్‌లో ఉండే మనవాళ్లలో చాలామందికి బీరు అంటే అక్టోబర్‌ఫెస్ట్. నన్నడిగితే ఆ తోపులాటలో పోసే డబ్బుతో ఒక వారాంతం బాంబర్గ్ వెళ్లి రావచ్చు. సుమారు 80 వేల జనాభా ఉన్న ఊళ్లో పది దాకా బ్రూవరీలున్నాయి. పాత ఊరు 1993లో యునెస్కో జాబితాకెక్కింది కాబట్టి బీరు ముట్టనివాళ్లకూ కాలక్షేపానికి లోటుండదు. గుంపుగా వెళ్తే బవేరియా రాష్ట్రంలో చెల్లే బయర్న్ టికెట్ తీసుకోండి. ఒక్క టికెట్ మీద ఐదుగురి దాకా రీజనల్ రైళ్లలో తిరగొచ్చు. సోమవారం నుంచి శుక్రవారం దాకా మాత్రం ఉదయం 9 దాటాకే చెల్లుతుంది.

అందరిలాగే మేమూ ముందు ష్లెంకర్లా అనే బ్రూవరీ పబ్‌కే వెళ్లాం. నల్లబడ్డ దూలాలు, పొడవాటి చెక్క బల్లలు. ఖాళీ కనిపిస్తే అడిగి, ముక్కూమొహం తెలియనివాళ్ల పక్కనే సర్దుకోవాలి. వాళ్ల రౌఖ్‌బియర్, అంటే పొగ బీరు, అర లీటరు గ్లాసులో వస్తుంది. నలుపు తిరిగిన ఎరుపు రంగు, పైన మీగడ రంగు నురగ, 5.1 శాతం ఆల్కహాల్. గ్లాసు ఇంకా నోటిదాకా రాకముందే వాసన కొడుతుంది. మావాడొకడు గుక్క తాగి, "ఏంట్రా ఇది, ఎండుచేపలు కాల్చి ఇందులో ముంచారా?" అన్నాడు.

చేపా లేదు, మాంసమూ లేదు. మొలకెత్తిన బార్లీని, అంటే మాల్టును, బీచ్ అనే చెట్టు కట్టెల మంట మీద ఆరబెడతారు. ఆ పొగే గింజకు పట్టి బీరులోకి దిగుతుంది. ఒకప్పుడు చాలాచోట్ల ఇదే పద్ధతి. పొగ తగలని బట్టీలు వచ్చాక మిగతావాళ్లు దీన్ని వదిలేశారు. ఈ ఊళ్లో మాత్రం ష్లెంకర్లా, ష్పెట్సియాల్ అనే రెండు బ్రూవరీలు ఇప్పటికీ తమ మాల్టును తామే పొగబెట్టుకుంటున్నాయి. మూడో గ్లాసుకు గానీ రుచి పట్టుబడదని అక్కడ ఒక మాట ఉంది. నా మటుకు రెండో గ్లాసుకే పొగ వెనక్కి తగ్గి మాల్టు తీపి తెలిసింది. మూడోది తాగితే మాత్రం ఇక వేరే బీరు రుచి తెలియదు.

అందుకే కొత్తవాళ్లకు నా ఓటు ష్పెట్సియాల్‌కే. ఇక్కడ పొగ ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. రంగు తేలిక, చేదు తక్కువ. భోజనంతో పాటు తాగడానికి ఇదే నయం. ఎండుచేపలన్న మావాడే ఇక్కడ కిక్కురుమనకుండా రెండోది చెప్పాడు. సరిగ్గా ఎదురుగా ఫెస్లా అనే ఇంకో బ్రూవరీ ఉంది. అక్కడ పొగ గొడవ లేదు, మామూలు లాగర్ బాగుంటుంది.

పొగ అసలు వద్దంటే వుండర్‌బర్గ్ పేటలో మార్స్ బ్రాయ్ బ్రూవరీకి వెళ్లండి. "ఊ" (జర్మన్‌లో U అక్షరం) అంటే చాలు, ఉన్‌గెష్పుండెట్ అనే బీరు తెచ్చి పెడతారు. పీపాకు గట్టిగా బిరడా వేయకుండా పండించే బీరు కాబట్టి గ్యాస్ తక్కువ, కడుపు ఉబ్బరించదు. ఈ ఊళ్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. కాస్త చేదు ఇష్టపడేవాళ్లు రోడ్డుకు అవతలే ఉన్న కేస్మన్ బ్రూవరీలో పిల్స్ అనే చేదు లాగర్ కూడా రుచి చూడొచ్చు.

బస విషయం. మేం పాత ఊళ్లో ఒక అపార్ట్‌మెంట్ తీసుకుని ఇబ్బంది పడ్డాం. తాళం పెట్టె కోడ్ పనిచేయలేదు, ఓనరు ఫోనెత్తలేదు, సామాన్లతో మెట్ల మీదే గంటసేపు కూర్చున్నాం. పైగా క్లీనింగ్ ఫీజు వేరే. ష్పెట్సియాల్, ఫెస్లా రెండిటికీ సొంత గదులున్నాయి, రైల్వే స్టేషన్ నుంచి నడిచిపోవచ్చు. ఆడంబరం ఆశించొద్దు, కానీ తాగి మెట్లెక్కితే మంచం. మళ్లీ వెళ్తే వాటిలోనే దిగుతాను.

సర్వీసు వేగంగా ఉంటుంది, నవ్వులు తక్కువ. మనకు మొహం మీద కొట్టినట్టు అనిపిస్తుంది గానీ అది వాళ్ల తీరు. గ్లాసు కింది అట్టముక్క మీద గీతలు పెట్టుకుంటూ పోతారు, లెక్క అదే, కాబట్టి దాన్ని పారేయకండి. చేతిలో నగదు ఉంచుకోండి.

శాకాహారులకు కష్టమే. ఒబాట్స్‌డా అనే చీజ్ ముద్ద, ప్రెట్జెల్, దొరికితే కేజ్‌ష్పెట్స్‌లే (చీజ్ కలిపిన గుడ్డు నూడుల్స్). ఉడికించిన బంగాళాదుంప ముద్దలు చూసి ఆశపడొద్దు, పైన పోసేది మాంసం రసం. అడిగితే విడిగా ఇస్తారు. మాంసం తినేవాళ్లయితే ష్లెంకర్లాలో ఖీమా కూరిన ఉల్లిపాయ తినాల్సిందే.

అక్టోబర్, నవంబర్ నెలల్లో బ్రూవరీలు ఒక్కొక్కటిగా ఘాటైన బాక్ బీరు దించుతాయి. అప్పుడు వెళ్లాలనుకుంటే గది ముందే బుక్ చేసుకోండి.