తొమ్మిదేళ్ళు వాడాక దుబాయ్

వేసవి ముదిరితే మా ఇంట్లో మొదట చేసే పని గీజర్ ఆపెయ్యడం. అప్పుడు వేడినీళ్ళ కుళాయి తిప్పితే చల్లటి నీళ్ళు, చన్నీళ్ళ కుళాయి తిప్పితే చెయ్యి కాలే నీళ్ళు వస్తాయి. ట్యాంకు మిద్దె మీద ఎండకు ఉడుకుతుంటుంది, గీజరేమో ఏసీ ఇంట్లో చల్లగా కూర్చుంటుంది. అదీ కిటుకు. 2016 ఆగస్టులో నాలుగేళ్ళ పిల్లాడితో దుబాయ్‌లో దిగినప్పుడు ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు. స్నానం చేయించబోతే వాడు "కాలుతోందమ్మా" అని ఒకటే ఏడుపు. గీజర్ చెడిపోయిందనుకుని నాతూర్‌ని పిలిచాను, ఇక్కడ వాచ్‌మన్‌ని అలాగే అంటారు. ఆయన నవ్వి, స్విచ్ ఆపి వెళ్ళిపోయాడు.

అందరూ ముందు అడిగేది డబ్బు సంగతే కాబట్టి అది చెప్పేస్తాను. జీతం మీద ఆదాయపు పన్ను లేదు. దిర్హమ్‌ని డాలరుకి 3.67 దగ్గర కట్టేశారు, కనక రూపాయి పడినప్పుడల్లా మేం ఇంటికి పంపేది దానంతటదే పెరుగుతుంది. వచ్చిన కొత్తలో దిర్హమ్‌కి 18 రూపాయలు, ఇప్పుడు 23 పైనే. కానీ ఖర్చు కూడా దిర్హమ్‌లలోనే. ముఖ్యంగా అద్దె. ఇక్కడ అద్దె మామూలుగా నెలనెలా ఇచ్చేది కాదు, ఏడాది మొత్తానికి ముందే చెక్కులు రాసివ్వాలి. మా మొదటి ఇంటికి నాలుగు చెక్కులు అడిగారు. పైన 5 శాతం డిపాజిట్, బ్రోకర్‌కి 5 శాతం, అద్దె ఒప్పందానికి ఇజారీ అనే రిజిస్ట్రేషన్, కరెంటు నీళ్ళు ఇచ్చే సంస్థ దేవాకి డిపాజిట్ 2,000 దిర్హమ్‌లు. దేవా అనగానే మా అత్తయ్య హుండీలో వేశామనుకున్నారు! కొత్తగా వచ్చేవాళ్ళు చూసుకోవాల్సింది నెల జీతాన్ని కాదు, మొదటి రోజు చేతిలో ఎంత ఉందన్నది.

"చిల్లర్ ఫ్రీ" అన్న మాట కూడా గుర్తుంచుకోండి. ఏసీ చల్లదనం ఖర్చు ఓనరే పెట్టుకుంటాడని అర్థం. మా బ్రోకర్ నోటితో ఫ్రీ అన్నాడు, కాగితంలో లేదు. రెండో నెల బిల్లు చేతికొచ్చాక తెలిసింది. ఆ ఏడాది అయ్యేదాకా భరించి అల్ నహ్‌దాలో ఇప్పుడున్న ఇంటికి మారాం. తర్వాత ఒకసారి ఇక్కడి ఓనరు అద్దె పెంచుతానన్నప్పుడు మాత్రం చట్టం మా పక్షాన నిలబడింది. కాంట్రాక్టు తీరడానికి 90 రోజుల ముందు చెప్పాలి, ఆయన నెల ముందు చెప్పాడు. పాత అద్దెకే ఉన్నాం.

నేను కాకినాడ పిల్లని, ఉక్కపోత నాకు కొత్తేం కాదనుకున్నాను. ఇక్కడ ఆగస్టులో రాత్రి పదింటికి లిఫ్ట్ దిగి బయటి తలుపు తీస్తే కళ్ళద్దాల మీద ఆవిరి కమ్మేస్తుంది, తుడుచుకునేదాకా ఏమీ కనపడదు. మే నుంచి సెప్టెంబర్ దాకా పిల్లలు ఇల్లు, స్కూలు బస్సు, మాల్. అంతే. ఇంత ఎండ కాసే ఊళ్ళో మా వాడికి విటమిన్ డి తక్కువుందని డాక్టర్ చెప్పినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఎదురుగా ఒక బిల్డింగ్ లేస్తుంటే రెండు వేసవులు వంటగది కిటికీలోంచి చూశాను. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదు. ఆ టైమ్‌కి వాళ్ళు అట్టలు పరుచుకుని నీడలో పడుకునేవారు. ఒకరోజు కింద బకాలాలో, అంటే కిరాణా కొట్లో, వాళ్ళలో ఒకతను పెరుగు ప్యాకెట్ కొంటూ ఫోన్‌లో తెలుగు మాట్లాడుతుంటే పలకరించాను. కరీంనగర్ వైపు. కుటుంబం ఊళ్ళోనే ఉందట, కూతుర్ని చూసి రెండేళ్ళయిందట. మా దుబాయ్, వాళ్ళ దుబాయ్ ఒకటి కాదు. నేను రాస్తున్నది మా దాని గురించే.

నవంబర్ వస్తే ఇదే ఊరు వేరే ఊరు. ఏసీలు ఆపి కిటికీలు తీస్తాం. ఒక్క దిర్హమ్ ఇచ్చి అబ్రా పడవలో క్రీక్ (ఊరి మధ్యలోకొచ్చిన సముద్రపు పాయ) దాటి బర్ దుబాయ్ వెళ్ళడం మా నాన్నకి ఎంత నచ్చిందంటే, వచ్చిన నెలలో పదకొండు సార్లు ఎక్కారు. రాత్రి పదకొండింటికి మెట్రో దిగి ఒంటరిగా ఇంటికి నడిచి వస్తాను, వెనక్కి తిరిగి చూసుకోను. దీనికి మాత్రం పూర్తి మార్కులు.

ఇక్కడ నివాసముండేవాళ్ళకి మన డ్రైవింగ్ లైసెన్స్ చెల్లదు, పరీక్షలు తప్పవు. రోడ్డు పరీక్ష నాకు మూడోసారికి గట్టెక్కింది. వాట్సాప్‌లో మెసేజ్ వెళ్తుంది గానీ కాల్ కలవదు, అందుకని అమ్మ ఫోన్‌లో బోటిమ్ అనే కాలింగ్ యాప్ వేయించాం. అది ఆవిడకి అలవాటవడానికి ఆరు నెలలు పట్టింది.

అసలు లోపం వీసా. మా ముగ్గురిదీ మావారి ఉద్యోగాన్ని పట్టుకుని వేలాడుతుంటుంది. 2020లో పక్క ఫ్లాట్ వాళ్ళకి ఉద్యోగం పోతే నెలన్నరలో సర్దుకుని వెళ్ళిపోయారు. వాళ్ళ డబుల్ కాట్ మేమే కొన్నాం, ఇప్పటికీ దాని మీదే పడుకుంటున్నాం. అప్పటి నుంచి విప్పి మడతపెట్టడానికి వీల్లేని సామాను కొనబోతే ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాను. అదే పక్క ఫ్లాట్‌లోకి తర్వాత వచ్చినవాళ్ళు, 2024 ఏప్రిల్ 16న కురిసిన కుండపోత వానకి లిఫ్ట్ ఆగి కింద పార్కింగ్ మునిగినప్పుడు, నీళ్ళ క్యాన్లు నాలుగంతస్తులు మోసుకొచ్చి మాకూ ఒకటి ఇచ్చారు.

అబ్బాయి ఇప్పుడు ఎనిమిదిలో ఉన్నాడు. పన్నెండో తరగతి అయ్యేదాకా ఇక్కడే అనుకున్నాం. పోయిన వారం కాంట్రాక్టు రెన్యూ చేశాం, ఈసారి ఓనరు ఆరు చెక్కులకి ఒప్పుకున్నాడు.