అమెరికా, జర్మనీ, హైదరాబాదు: మూడు చోట్ల వాషింగ్ మెషీన్లు ఏళ్ల తరబడి వాడాక

అమెరికాలో ఆరేళ్లు టాప్ లోడ్, జర్మనీలో నాలుగేళ్లు ఫ్రంట్ లోడ్, హైదరాబాదులో ఏడేళ్లుగా మళ్లీ ఫ్రంట్ లోడ్. ఇన్నేళ్ల వాడకంలో తేలిందేమిటంటే, ఏ కంపెనీది కొనాలన్నది రెండో ప్రశ్న. కుళాయిలో నీళ్లు ఎంత వేడిగా, ఎంత జోరుగా వస్తున్నాయి, వాటిలో ఉప్పు ఎంత ఉంది అన్నది మొదటి ప్రశ్న.

అమెరికా టాప్ లోడ్‌లో నడుమ రెక్కల స్తంభం అటూ ఇటూ తిరుగుతూ బట్టల్ని కుదిపేస్తుంది. దాన్ని ఎజిటేటర్ అంటారు. జీన్సు, టవళ్లు ముప్పావుగంటలో అయిపోతాయి. పాత రకమైతే ఒక్క విడతకు 150 లీటర్ల దాకా తాగుతుంది. చాలా టాప్ లోడ్లలో లోపల హీటర్ ఉండదు. అక్కడి మామూలు ప్లగ్గు 120 వోల్టులు, 15 ఆంపియర్లు. అంటే 1800 వాట్లకు మించి రాదు, పెద్ద హీటర్ పెట్టే వీలు లేదు. అందుకే వెనక రెండు గొట్టాలు: ఒకటి చన్నీళ్లకు, ఒకటి ఇంటి గీజరు నుంచి వేడినీళ్లకు. గీజరును సాధారణంగా 49 డిగ్రీల దగ్గర పెడతారు. గొట్టంలో నిలిచిన చల్లనీళ్లు ముందుగా వచ్చిపడతాయి కాబట్టి టబ్బులో నీళ్లు గోరువెచ్చగానే మిగులుతాయి. స్టార్ట్ నొక్కే ముందు దగ్గర్లోని సింకులో వేడినీళ్ల కుళాయి విప్పి, వేడి తగిలేదాకా వదిలితే తేడా తెలుస్తుంది.

ఆ స్తంభానికి మన చీరలు పడవు. అయిదున్నర మీటర్ల గుడ్డ దానికి చుట్టుకుని మెలిపడి, జరీ అంచు దగ్గర పీలికలైపోతుంది. మడిచి వల సంచిలో వేసి, డెలికేట్‌లో తిప్పాలి. పంచెలకూ అంతే.

జర్మనీ మెషీన్ దీనికి పూర్తిగా ఎదురు. ఒక్క చన్నీళ్ల గొట్టమే. 230 వోల్టుల మీద నడిచే రెండు వేల వాట్ల హీటర్ లోపలే ఉంటుంది, 60, 90 డిగ్రీలకు నీళ్లు కాచుకుంటుంది. అన్నం తినే ఇంటికి ఈ 60 డిగ్రీలు వరం. ఆవకాయ నూనె, కొబ్బరినూనె పట్టిన దిండు గలీబులు, వంటింటి గుడ్డలు అందులోనే శుభ్రపడ్డాయి. పసుపు మరకకు మాత్రం వేడి ఒక్కటే చాలదు. సబ్బు క్షారం తగలగానే అది ఎర్రబారుతుంది, తడిగా ఉన్నప్పుడే ఎండలో వేస్తే వెలిసిపోతుంది. ఈ ఒక్క విషయంలో మన డాబాని మించిన మెషీన్ లేదు.

యూరప్ మెషీన్ మీద అందరి ఫిర్యాదూ సమయం గురించే. 2021 మార్చి నుంచి అక్కడ తప్పనిసరైన ఎకో 40-60 ప్రోగ్రాం నిండు లోడుకు మూడు గంటలు దాటుతుంది. తక్కువ వేడిలో ఎక్కువసేపు తిప్పి కరెంటు మిగల్చడం దాని పద్ధతి. చలికాలంలో 10 డిగ్రీల దగ్గర వచ్చే 15 లీటర్ల నీళ్లను 60కి తేవడానికి ముప్పావు యూనిట్ పైనే ఖర్చవుతుంది కాబట్టి ఆ పొదుపు సబబే. హైదరాబాదులో మే నెలలో ట్యాంకు నీళ్లే చెయ్యి కాలేలా ఉంటాయి. అప్పుడు హీటర్ అక్కర్లేదు, చన్నీళ్ల ప్రోగ్రామే చాలు.

జర్మనీ నుంచి తప్పక తెచ్చుకోవాల్సిన అలవాటు ఒకటుంది. సబ్బుపొడి డబ్బా మీద నీళ్ల కాఠిన్యాన్ని, అంటే వాటిలో కరిగిన సున్నం లాంటి ఉప్పుల మోతాదును బట్టి ఎంత వెయ్యాలో మూడు వరసల్లో రాసి ఉంటుంది. అక్కడ 14 జర్మన్ డిగ్రీలు (ఇది కాఠిన్యానికి కొలత, వేడికి కాదు) దాటితే గట్టి నీళ్లు. మన లెక్కలో అది లీటరుకు సుమారు 250 మిల్లీగ్రాములు. మన బోరు నీళ్లు చాలాచోట్ల దీన్ని సులువుగా దాటేస్తాయి.

మన దగ్గర ఫ్రంట్ లోడ్‌ని చంపేది ఈ ఉప్పే. హీటర్ రాడ్డు మీద తెల్లటి పక్కు కట్టి, నీళ్లకు వేడి చేరక రాడ్డు కాలిపోతుంది. నురగ రావడం లేదని పొడి ఇంకా గుమ్మరించకూడదు, మిగిలిపోయిన పొడి తలుపు చుట్టూ ఉండే రబ్బరు గాస్కెట్ మడతల్లో చేరి కంపు కొడుతుంది. చేతి ఉతుకు పొడి అసలు వద్దు. బోరు నీళ్లయితే రెండు నెలలకోసారి ఖాళీ డ్రమ్ములో 100 గ్రాముల నిమ్మ ఉప్పు వేసి, బ్లీచింగ్ ఏదీ కలపకుండా, 60 డిగ్రీల మీద ఒక విడత తిప్పాలి. ఉతుకు అయ్యాక గాస్కెట్ తుడిచి తలుపు ఓరగా ఉంచాలి.

రెండోది నీటి జోరు. ట్యాంకుకూ కుళాయికీ మధ్య ఎత్తు మీటరుకు 0.1 బార్ (బార్ అంటే ఒత్తిడికి కొలత) లెక్క. పై అంతస్తు ఫ్లాటులో రెండు మీటర్ల ఎత్తే ఉంటే 0.2 బార్. చాలా మెషీన్లు కనీసం 0.3 అడుగుతాయి, కొన్ని యూరప్ మెషీన్లు 1 బార్ అడుగుతాయి. నీళ్లు నిండక ఎర్రర్ కోడ్ చూపి ఆగిపోతే మెకానిక్‌ని పిలిచే ముందు కుళాయి కట్టి, గొట్టం విప్పి, వాల్వు మూతిలోని చిన్న జాలీని పటకారతో లాగి కడగండి. సగం ఫిర్యాదులు అక్కడే తీరిపోతాయి. జాలీ శుభ్రంగానే ఉంటే ప్రెషర్ పంపు పెట్టించడమే మార్గం.

తిరిగొస్తూ అమెరికా మెషీన్ తెచ్చుకోవాలనుకునే వాళ్లకు నా మాట: వద్దు. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులు దించుతుంది గాని మన కరెంటు 50 హెర్ట్జ్‌ను (సెకనుకు ఊగే ఆవృత్తుల లెక్క) అక్కడి 60కి మార్చలేదు. మన 50 హెర్ట్జ్ మీద పాత రకం మోటారు, నీళ్లు తోడే పంపు ఆరింట అయిదు వంతుల వేగంతోనే తిరుగుతాయి, వేడెక్కుతాయి. గొట్టం మరలు కూడా కలవవు. రెండూ ముప్పావు ఇంచీవే, కాని అక్కడ అంగుళానికి పదకొండున్నర మరలు, ఇక్కడ పద్నాలుగు. బలవంతంగా బిగిస్తే ఒకటి రెండు చుట్లు పట్టినట్టే పట్టి, రాత్రికి కారుతుంది. బ్రిటన్, జర్మనీ మెషీన్లకు కరెంటు, మరలు రెండూ సరిపోతాయి, ప్లగ్గు మార్చి ఎర్తింగ్ ఉన్న 16 ఆంపియర్ల సాకెట్‌కు పెడితే చాలు. కానీ ఆ మోడల్ గాస్కెట్ ఇక్కడ దొరుకుతుందో లేదో ముందే కనుక్కోండి.

పిండే వేగానికి ఎక్కువ డబ్బు పెట్టొద్దు. నిమిషానికి 1400 చుట్లు జర్మనీలో ఇంటి లోపల ఆరేసుకునే వాళ్లకు. మన ఎండకు 800 చాలు, నూలు చీరకు ముడతలూ తగ్గుతాయి.