న్యూజెర్సీలో ర్యాపరౌండ్ ప్లాన్: రెండున్నరేళ్ళు వాడాక

మావాడికి 12 ఏళ్ళు. ఆటిజం. మాటలు తక్కువ. కోపం వస్తే ముందు తన మణికట్టు కొరుక్కుంటాడు, తర్వాత ఎవరు దగ్గరికెళితే వాళ్ళని కొడతాడు. ఒక రాత్రి కిటికీ అద్దం పగిలాక పర్‌ఫార్మ్‌కేర్‌కి ఫోన్ చేశాం. న్యూజెర్సీలో 21 ఏళ్ళలోపు పిల్లల ప్రవర్తన సమస్యలకి మొదటి తలుపు అదే, రాత్రయినా పగలయినా ఫోన్ ఎత్తుతారు. మొబైల్ రెస్పాన్స్, అంటే ఇలాంటప్పుడు ఇంటికే వచ్చి సాయం చేసేవాళ్ళు, గంటలోపే వచ్చారు. కొన్ని వారాలకి మా కౌంటీ కేర్ మేనేజ్‌మెంట్ సంస్థకి పంపారు. అక్కడ మొదలైంది ర్యాపరౌండ్. కేర్ మేనేజర్, మేము, థెరపిస్టు, మేం పిలుచుకున్నవాళ్ళు కలిసి కూర్చుని మా ఇంటికి సరిపోయే ప్లాన్ ఒకటి రాసుకోవడం, కొన్ని నెలలకోసారి దాన్ని తిరగరాయడం. కేర్ మేనేజ్‌మెంట్‌కి మేం ఒక్క డాలరూ కట్టలేదు.

ఫోన్ చేయడానికి ముందు మా ఆయన నెల రోజులు ఆపారు. పిల్లల్ని ఇళ్ళలోంచి తీసుకెళ్ళే విభాగమూ ఇదీ ఒకే శాఖ కింద ఉన్నాయని ఎవరో చెప్పారట. శాఖ ఒకటే, నిజమే. విభాగాలు వేరు. మనవాళ్ళలో చాలామందికి ఈ భయం ఉంది కాబట్టి రాస్తున్నాను.

మొదటి మీటింగులో బాబులో ఉన్న మంచి సంగతులు చెప్పమన్నారు. పదేళ్ళుగా డాక్టర్లకి వాడు చేయలేనివే అప్పజెప్పి అప్పజెప్పి, నాకు నోట మాట రాలేదు. చివరికి మా ఆయనే "చెత్త బండి ఏ వీధికి ఏ రోజు ఎన్నింటికి వస్తుందో వాడికి తెలుసు" అన్నారు. నేను సిగ్గుపడ్డాను. కేర్ మేనేజర్ మాత్రం రాసుకుంది. ఆ తర్వాత ప్రశ్న, జీతం తీసుకోకుండా మీకు సాయం చేసేవాళ్ళెవరు అని. గృహప్రవేశానికి నూట యాభైమందిని పిలిచిన మాకు ఒక్క పేరూ తట్టలేదు. పిలిచినవాళ్ళలో సగం మందికి బాబు సంగతే చెప్పలేదు మరి. రెండో మీటింగుకి ఎదురింటి పెద్దాయన పేరు చెప్పాం, మొహమాటంగానే. ఆయన రిటైర్డ్ పోస్ట్‌మ్యాన్. ఇప్పుడు బుధవారం రాత్రి మావాడు మా చెత్త బిన్నూ ఆయన బిన్నూ వీధి అంచుకి లాక్కెళ్ళి పెడతాడు, ఆయన పక్కనే నడుస్తాడు. ఆ ఇరవై నిమిషాలు నేను కూర్చుని టీ తాగుతాను.

సంక్షోభ ప్లాన్, అంటే వాడికి కోపం వచ్చినప్పుడు ఏం చేయాలో రాసిన కాగితం, దాని కథ వేరు. మొదటి కాపీలో "ప్రశాంతమైన చోటికి మళ్ళించండి" అని ఉంది. మా ఇంట్లో ఆ చోటెక్కడ? ఇంకో పేజీ తిప్పితే మావాడు అమ్మాయి అయిపోయాడు, వేరే ఎవరి కాగితాల్లోంచో ఎత్తి రాశారు. నేను గట్టిగా అడిగాక థెరపిస్టు సాయంత్రాలు మూడుసార్లు వచ్చి కూర్చుంది. గొడవలన్నీ అయిదు నుంచి ఏడు మధ్యనే అని అప్పుడు తేలింది. స్కూల్ బస్సు దిగడం, కుక్కర్ విజిల్, నా ఆఫీస్ కాల్, అన్నీ ఆ రెండు గంటల్లోనే. కుక్కర్ పని పొద్దున్నకి మార్చాం. అత్తయ్య ఆర్నెల్లకి వచ్చినప్పుడు ప్లాన్‌ని తెలుగులో తన చేత్తో రాసి ఫ్రిజ్ మీద అంటించారు: "చెయ్యి కొరికితే మిక్సీ ఆపు. పేరు పెట్టి పిలవకు. నీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టి పక్కకెళ్ళు." ఏజెన్సీ ఇచ్చిన ఎనిమిది పేజీల కంటే మాకు పనికొచ్చింది ఆ కాగితమే. తర్వాతి మీటింగులో దాన్నే ఇంగ్లీషులోకి మార్చి ఫైల్లో పెట్టారు.

ఇక తిట్లు. రెండున్నరేళ్ళలో ముగ్గురు కేర్ మేనేజర్లు మారారు, ప్రతిసారీ పుట్టినప్పటి నుంచి కథ చెప్పాలి. ఇంటికొచ్చే ఏబీఏ థెరపీకి (ఆటిజం పిల్లలకి ప్రవర్తన నేర్పే శిక్షణ) ప్లాన్‌లో గంటలు రాశారు కానీ మనిషి దొరకడానికి ఏడు నెలలు పట్టింది. ఈలోపు ప్రతి మీటింగులో "పెండింగ్" అనే మాట విని విని టెన్షన్. స్కూల్ వాళ్ళు ఒక్కసారీ రాలేదు, వాళ్ళ ఐఈపీ (బాబు కోసం స్కూల్ రాసే చదువు ప్లాన్) వాళ్ళదే. అత్తయ్య కోసం దుబాసీని అడిగితే ఫోన్లో తమిళం మాట్లాడే ఆయన్ని పెట్టారు. పాపం ఆయనా ఇబ్బంది పడ్డాడు. అయిదుకి మూడున్నర ఇస్తాను, ఆ మూడున్నరలో ఒకటి పెద్దాయనది.

మొదలుపెట్టేవాళ్ళకి ఒకటే చెబుతాను. సంతకం పెట్టే ముందు ప్లాన్ ఇంటికి తెచ్చుకుని, సాయంత్రం వంటింట్లో నిలబడి చదవండి. కుదరని వాక్యం కనిపిస్తే కొట్టేయమని అడగండి, కొట్టేస్తారు. ఫ్యామిలీ సపోర్ట్ ఆర్గనైజేషన్ నుంచి ఒక తల్లినో తండ్రినో మీటింగుకి తోడు తెచ్చుకోవచ్చు. వాళ్ళూ ఇలాంటి పిల్లల్ని పెంచినవాళ్ళే. నేను ఏడాది తర్వాత గానీ ఆ పని చేయలేదు.

పోయిన నెల కేసు మూసే మాట ఎత్తారు. బాబు కొట్టి నాలుగు నెలలైంది కాబట్టి న్యాయమే. కానీ అత్తయ్య మార్చిలో ఊరికి వెళ్ళిపోతున్నారు. ఆవిడ వెళ్ళాక ఒక్క మీటింగు పెట్టి, అప్పుడు మూయండి అన్నాను. ఏప్రిల్‌లో తేదీ ఇచ్చారు.