పేరేచర్ల దగ్గర మా తోటింటికి లిథియం బ్యాటరీ: గవర్నర్‌పేట షాపు పని ఎలా ఉందంటే

మా మిరప చేను పేరేచర్ల దాటి బాగా లోపలికి ఉంది. అక్కడికి కరెంటు లైను లేదు. అందుకే 2021లో మూడు కిలోవాట్ల సోలార్ పెట్టించి, 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) ట్యూబులర్ బ్యాటరీలు, అంటే నీళ్లు పోసే లెడ్ యాసిడ్ రకానివి, నాలుగు తగిలించాం. అత్తయ్య, మావయ్య అక్కడే ఉంటారు. అత్తయ్య ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉండాలి కాబట్టి రాత్రి కరెంటు పోయిందంటే మాకు గుంటూరులో నిద్ర ఉండదు.

మూడో ఏడాది ఒక బ్యాటరీ పోయింది. దగ్గర్లోని మెకానిక్ ఆ ఒక్కటే మార్చాడు, అక్కడే దెబ్బ తిన్నాం. నాలుగూ సిరీస్‌లో ఉన్నప్పుడు పాతవి త్వరగా దిగిపోతాయి, కొత్తది వాటితో పాటే పాడవుతుంది. పైగా లెడ్ యాసిడ్‌కి వేడి పడదు, 25 డిగ్రీల మీద ప్రతి పది డిగ్రీలకీ ఆయుష్షు దాదాపు సగం తగ్గుతుందంటారు. మన రోహిణి కార్తె ఎండలో, రేకుల షెడ్డులో పెడితే ఇంకేం ఉంటుంది. డిస్టిల్డ్ వాటర్ పోసీ పోసీ మావయ్య విసిగిపోయారు, చివరికి తెల్లవారుజామున మూడింటికే ఇన్వర్టర్ కూత మొదలయ్యేది.

2025 మార్చిలో విజయవాడ గవర్నర్‌పేటలో ఒక షాపుకి వెళ్లాం. వాళ్లు నాకు నచ్చింది ఇక్కడే: బ్యాటరీ చూపించే ముందు రాత్రికి ఏమేం వాడతారో అడిగి కాగితం మీద లెక్క వేశారు. ఫ్రిజ్, కరెంటు తక్కువ తినే బీఎల్‌డీసీ ఫ్యాన్లు మూడు, లైట్లు, కాసేపు టీవీ, కెమెరా కలిపి రెండు యూనిట్ల లోపే, ఇన్వర్టర్ తన కోసం తాను తినేది ఇంకో అర యూనిట్ పైన. మొత్తం రెండున్నర చిల్లర. దానికి 51.2 వోల్టుల 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఒకటి చాలన్నారు. మావయ్యకి నమ్మకం కుదరలేదు. "ఉన్నవి ఏడు యూనిట్లవి, నువ్వు అయిదు యూనిట్లది ఇస్తానంటావేంటి బాబూ" అని నిలదీశారు. ఆ అబ్బాయి ఓపిగ్గా చెప్పాడు: "బాబాయ్ గారూ, పాతవాటిలో సగం కంటే ఎక్కువ దింపితే పాడవుతాయండి, అంటే మీకు దక్కేది మూడున్నరే, అది కూడా కొత్తలో. ఇందులో ఎనభై శాతం వాడినా నాలుగు యూనిట్లు వస్తాయి." పెద్దది అంటగట్టొచ్చు, కానీ అలా చేయలేదు.

సబ్సిడీ గురించి చాలామంది అడుగుతున్నారు. కేంద్రం ఇంటి సోలార్ పథకం పీఎం సూర్య ఘర్ కింద 78 వేల వరకు ఇచ్చేది గ్రిడ్‌కి, అంటే కరెంటు లైనుకి, కలిపిన ఇళ్లకే, మాలాంటి వాళ్లకి రాదు. బ్యాటరీకి లక్షా పది వేలు అయింది, పాతవాటికి పద్దెనిమిది వేలు తగ్గించారు.

ఇక బాగోలేనిది. బిగించిన మర్నాటి నుంచి సరిగ్గా మధ్యాహ్నం, ఎండ మంచి ఊపు మీద ఉన్నప్పుడు, ఇల్లంతా ఆగిపోయేది. మూడు రోజులు ఇదే టెన్షన్. ఫోన్ చేస్తే "రేపు వస్తామండీ" అన్నారు, వచ్చింది నాలుగో రోజు. చూస్తే, బిగించినవాళ్లు ఇన్వర్టర్‌ని లెడ్ యాసిడ్ సెట్టింగ్‌లోనే వదిలేశారు. పాత బ్యాటరీలకి అప్పుడప్పుడు ఎక్కువ వోల్టేజీతో చేసే ఈక్వలైజేషన్ చార్జింగ్ లిథియంకి అక్కర్లేదు, వోల్టేజీ హద్దు దాటగానే లోపలున్న బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) బ్యాటరీని కట్ చేసేస్తుంది. ఈక్వలైజేషన్ ఆపి, చార్జింగ్ 56, ఫ్లోట్ (నిండాక అలాగే నిలిపి ఉంచేది) 54 వోల్టులకి మార్చి, బ్యాటరీకీ ఇన్వర్టర్‌కీ మధ్య కమ్యూనికేషన్ కేబుల్ కలిపాక మళ్లీ ఒక్కసారి కూడా ఆగలేదు. ఇంత ఖరీదైన వస్తువు బిగించేటప్పుడు ఈ పది నిమిషాల పని మర్చిపోవడం నాకు అసలు నచ్చలేదు, ఇన్సులిన్ ఐస్‌బాక్స్‌లో పెట్టుకుని కూర్చున్నాం ఆ మూడు రోజులూ. మీరు పెట్టించుకుంటే ఫిట్టర్ వెళ్లేలోపు మీ బ్యాటరీ మాన్యువల్ తెరిచి, ఆ అంకెలు ఇన్వర్టర్ స్క్రీన్ మీద మీ కళ్లతో చూసుకోండి.

అదే ఏడాది అక్టోబరు చివర మొంథా తుఫాను వచ్చినప్పుడు అసలు పరీక్ష. రెండు రోజులు సరిగ్గా ఎండ లేదు. టీవీ, ఒక ఫ్యాను ఆపించాం. 29 పొద్దున మావయ్య ఫోన్ చేసి "ఇంకా 31 శాతం ఉందమ్మా, ఫ్రిజ్ ఆగలేదు" అన్నారు. పాతవాటితో అయితే మొదటి రాత్రే చేతులెత్తేసేవాళ్లం.

బ్యాటరీకి అయిదుకి అయిదు, షాపు సలహాకి అయిదు, బిగింపుకి రెండు. ఇదే మోడల్ ఇంకొకటి కలపాలంటే ఏడాది లోపు కలుపుకోమన్నారు, మరీ పాతబడ్డాక జతచేస్తే రెండూ సమంగా పనిచేయవట. మేము మాత్రం ముందు ప్యానెళ్లు రెండు పెంచుతున్నాం, ఎందుకంటే ముసురు రోజుల్లో మాకు తక్కువైంది చార్జింగే.