నాయనమ్మ పుట్టిల్లు వెతకమంటే తాత వంశం ఇచ్చారు (5కి 3)

వంశవృక్షం తయారుచేసి ఇస్తాం అంటే హిమాయత్‌నగర్‌లో ఒక ఆఫీసుకు వెళ్లాను, పేరు రాయను. మా నాయనమ్మది దేవరకొండ వైపు పల్లె, నాన్న చిన్నప్పుడే పోయింది, ఆమె అమ్మానాన్నల పేర్లు మా ఇంట్లో ఎవరికీ తెలియవు. అవే కావాలని చెప్పాను. పదిహేను వేలు, సగం ముందే కట్టాలి. నెలన్నరలో ఇస్తామన్నవాళ్లు నాలుగు నెలలు తిప్పారు, ఫోన్ చేసినప్పుడల్లా "పని నడుస్తోంది సార్".

చివరికి ఇచ్చిన చార్టు చూడ్డానికి బాగుంది, రంగుల్లో, ఫ్రేము కట్టించి మరీ. అందులో మా తాత, ఆయన తండ్రి, ఆయన తాత, అందరూ మగవాళ్లే. నాయనమ్మకు ఒక మూల చిన్న డబ్బా, దాని పైన ఖాళీ. ఇదేంటండీ అని గట్టిగానే అడిగాను.

అప్పుడు అక్కడ ఉర్దూ కాగితాలు చదివే పెద్దాయన విడమరిచి చెప్పాడు (ఈ మూడు స్టార్లూ ఆయనకే). నిజాం కాలపు భూమి లెక్కలు ఉర్దూలో, ఫస్లీ సంవత్సరాల్లో (అప్పటి సర్కారు శిస్తు లెక్కల సంవత్సరం) ఉంటాయి, మన లెక్కలోకి మార్చాలంటే 590 కలుపుకోవాలి, 1347 ఫస్లీ అంటే 1937 ప్రాంతం. మగవాడి పేరు పక్కన 'వల్ద్' అని తండ్రి పేరు రాస్తారు, పెళ్లయిన ఆడమనిషికైతే 'జౌజే' అని భర్త పేరు. 1954-55 ఖాస్రా పహాణీలో (ఊళ్లో ఏ పొలం ఎవరిదో రాసిన రికార్డు) నాయనమ్మ పేరు ఉంది, అప్పటికే తాత లేడు కాబట్టి భూమి ఆమె పేరు మీదికి వచ్చింది, కానీ పక్కన మళ్లీ జౌజే, తాత పేరు. అక్కడితో దారి మూసుకుపోయింది.

"ఆమె అన్నదమ్ముల పేర్లు తెలుసా బాబూ?" అన్నాడు. నాలుగు నెలల్లో ఈ ముక్క ఒక్కరూ అడగలేదు! నాన్నకు ఫోన్ చేస్తే మేనమామ పేరు వెంటనే చెప్పాడు. వారం తిరక్కుండా పుట్టింటి ఊరి పహాణీ తెప్పించి చూస్తే ఆయన పేరు పక్కన వల్ద్ అని ఉంది, మా నాయనమ్మ తండ్రి దొరికాడు.

తల్లి పేరు మాత్రం ఏ కాగితంలోనూ లేదు. ఆ మేనమామ కొడుకు, నాన్నకు బావ, ఉప్పల్‌లోనే ఉంటాడు, ఇన్నేళ్లూ పెళ్లిళ్లలో కలిసినా అడగాలని తోచలేదు. తద్దినంలో తల్లి, నాయనమ్మ, ముత్తవ్వ పేర్లు చెప్పాలి కదా, ఆయన గడగడా చెప్పేశాడు. ఆయన నాయనమ్మ అంటే మా నాయనమ్మకు తల్లి. అంటే పైన ఇద్దరు ఆడవాళ్లు, పైసా ఖర్చు లేకుండా.

ఆ రెండు పేర్లు చార్టులో ఎక్కించమంటే ఇంకో రెండు వేలన్నారు. ఫ్రేము విప్పి నేనే పెన్నుతో రాసుకున్నాను. మీరు వెళ్తే మాత్రం ముందు బంధువులందరినీ అడిగి వెళ్లండి, ఆ పెద్దాయన ఉన్న రోజు చూసుకుని.