ఒక్కరే బ్రేకులోని గాలిని బయటికి తీసే సీసా: ఎంతవరకు నమ్మవచ్చు

మా కారు ముందు కుడి చక్రం దగ్గర కాలిపర్‌కు (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగానికి) వెళ్లే రబ్బరు హోస్ పైపు మీద సన్నటి పగుళ్లు కనిపించడంతో దానిని నేనే మార్చాను. పైపు మార్చడానికి గంట పట్టింది. పైపు విప్పినప్పుడు లైనులోకి చేరిన గాలిని పూర్తిగా బయటికి తీయడానికి మాత్రం రెండు ఆదివారాలు పట్టాయి. ఆ పని కోసం కొన్న ‘వన్ మ్యాన్ బ్లీడర్’ సీసా ఎక్కడ పనికి వచ్చింది, ఎక్కడ రాలేదు అన్నది, ఇంటి దగ్గరే బ్రేకు పని చేసుకునే వారి కోసం ఇక్కడ వివరంగా రాస్తున్నాను. మేము తిరుపతిలో ఉంటాము. నెలకు ఒకసారైనా కారులోనే కొండకు వెళ్లి వస్తాము. దిగేటప్పుడు మలుపు మలుపుకూ బ్రేకు తొక్కవలసిన దారి అది. పెడల్ కాస్త మెత్తగా ఉన్నా సర్దుకుపోదామనుకునే వీలు మాకు లేదు.

నేను కొన్నది సుమారు ఏడు వందల రూపాయల వస్తువు. అర లీటరు పట్టే పారదర్శకమైన ప్లాస్టిక్ సీసా, కారుకు అంటించి వేలాడదీయడానికి ఒక అయస్కాంతం, రెండు అడుగుల పైచిలుకు సిలికాన్ గొట్టం, ఆ గొట్టం మధ్యలో ద్రవాన్ని ఒకే దిక్కుకు పోనిచ్చే చిన్న వాల్వు, కొసన కాలిపర్ నిపుల్‌కు (గాలిని, ఆయిల్‌ను బయటికి వదిలే బోలు స్క్రూకు) తొడిగే రబ్బరు మూతి ఉంటాయి. అది పనిచేసే తీరు సులువైనది. నిపుల్‌ను కొద్దిగా వదులు చేసి పెడల్ తొక్కితే పాత బ్రేకు ఆయిల్, దానితోపాటు గాలి బుడగలు సీసాలోకి వస్తాయి. పెడల్ వదిలినప్పుడు వాల్వు మూసుకుంటుంది కాబట్టి బయటికి పోయినది తిరిగి లోపలికి రాదు. ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవడం, మరొకరు చక్రం దగ్గర కూర్చుని నిపుల్ విప్పి బిగించడం అనే పాత పద్ధతిలో రెండవ మనిషి అవసరాన్ని ఈ వాల్వు తీరుస్తుందని అట్ట పెట్టె మీద రాసి ఉంది. ఆ మాట కొంతవరకే నిజం.

మొదటి ఆదివారం జరిగినది చెబుతాను. కారును చదునైన గచ్చు మీద నిలిపి, వెనుక చక్రాలకు ముందూ వెనుకా చెక్క దిమ్మెలు పెట్టి, జాకీతో లేపిన తరువాత స్టాండ్ల మీద కూర్చోబెట్టాను. జాకీ ఒక్కదాని మీద నిలిపిన కారు కింద చేయి పెట్టడం ఎంత చిన్న పనికైనా తగదు. సీలు తీయని డబ్బాలోని డాట్ 4 రకం బ్రేకు ఆయిల్‌ను, బానెట్ కింద ఉండే బ్రేకు ఆయిల్ ట్యాంకులో గరిష్ఠ గీత వరకు నింపి, నిపుల్‌ను అర చుట్టు వదులు చేసి, లోపల కూర్చుని నెమ్మదిగా పెడల్ తొక్కసాగాను. పది తొక్కులకు ఒకసారి దిగి, ట్యాంకులో మట్టం చూసి, మళ్లీ నింపాను. ట్యాంకు ఖాళీ అయి మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను లైన్లలోకి నెట్టే పంపు) గాలి పీల్చుకుంటే చేసినదంతా వృథా అయి పని మళ్లీ మొదటికి వస్తుంది కనుక ఈ దిగడం, ఎక్కడం తప్పదు. ఒంటరిగా చేసే పని కావడంతో ఇది ఓపికను బాగా పరీక్షిస్తుంది.

సీసాలోకి బుడగలు వస్తూనే ఉన్నాయి. అర లీటరు ఆయిల్ అయిపోయినా ఆగలేదు. ఇంత గాలి లైనులో ఉండే అవకాశమే లేదని అప్పుడు అనుమానం వచ్చింది. నిపుల్‌ను అవసరానికి మించి వదులు చేయడం వల్ల, పెడల్ వెనక్కి వచ్చే ప్రతిసారీ మర చుట్ల సందులోంచి బయటి గాలి లోపలికి చొరబడుతోంది. గొట్టంలోని వాల్వు ఎంత బాగా మూసుకున్నా ఈ దారిని అది మూయలేదు. చేతి పంపుతో పీల్చే వాక్యూమ్ పద్ధతిలో కూడా ఇదే ఇబ్బంది కనిపిస్తుంది. అక్కడ మర చుట్ల నుంచి వచ్చే గాలి గొట్టంలో బుడగలుగా కనబడి, లైనులో ఇంకా గాలి ఉందేమోనని భ్రమ కలిగిస్తుంది. ఈ సీసాతో వచ్చిన చిక్కు భ్రమ కన్నా పెద్దది, ఎందుకంటే ఆ గాలిలో కొంత నిజంగానే కాలిపర్‌లోకి చేరుతుంది. ఆ సాయంత్రం నిపుల్ బిగించి పెడల్ తొక్కి చూస్తే, సగం దూరం వరకు దూది మీద కాలు పెట్టినట్టు దిగి, ఆ తరువాతే గట్టిపడింది. కారును స్టాండ్ల మీదనే వదిలేశాను.

ఆ మెత్తదనం ఎందుకు ప్రమాదమో కూడా చెప్పాలి. ద్రవం ఒత్తిడికి కుదించుకోదు, గాలి కుదించుకుంటుంది. లైనులో గాలి ఉంటే మన కాలి బలంలో కొంత ఆ గాలిని నొక్కడానికే ఖర్చవుతుంది, చక్రానికి చేరదు. ఇదే పరిస్థితి గాలి చొరబడకుండానే ఘాటు రోడ్డు మీద మరో రూపంలో రావచ్చు. మన కార్లలో వాడే గ్లైకాల్ రకం బ్రేకు ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు, అందులో 3.7 శాతం నీరు చేరిన తరువాత ఆ ప్రమాణం 155 డిగ్రీలకు పడిపోతుంది. డాట్ 3 అయితే ఆ అంకెలు 205, 140. దిగుడు దారిలో వరుసగా తొక్కిన బ్రేకులు వేడెక్కి పాత ఆయిల్ మరిగితే, పుట్టిన ఆవిరి కూడా గాలిలాగానే కుదించుకుంటుంది, పెడల్ నేలకు తగులుతుంది. అందుకే గాలి తీసే రోజున పాత ఆయిల్ కూడా మొత్తం మార్చడం మంచిది. ఏళ్ల తరబడి షెల్ఫులో మూత తీసి ఉంచిన డబ్బాలోని ఆయిల్ ఈ పనికి తగదు.

రెండవ ఆదివారం పద్ధతి మార్చాను. నిపుల్‌ను పూర్తిగా విప్పి, దాని మర చుట్ల మీద, రంధ్రానికి అంటకుండా, రబ్బరుకు హాని చేయని బ్రేకు గ్రీజు పలచగా పూసి వెంటనే తిరిగి బిగించాను. ఈసారి పావు చుట్టు మాత్రమే వదులు చేశాను. సీసాను నిపుల్ కన్నా ఎత్తులో వేలాడదీసి, గొట్టం కొస సీసాలోని ఆయిల్‌లో మునిగి ఉండేటట్టు చూసుకున్నాను. బుడగలు పది పన్నెండు తొక్కుల్లో తగ్గిపోయాయి. ఆ తరువాత చివరి విడతకు నా భార్యను సాయం అడిగాను. “తొక్కు” అన్నప్పుడు ఆమె పెడల్ తొక్కి, “తొక్కాను” అని బదులు చెప్పి, నేను నిపుల్ విప్పి మళ్లీ బిగించి “వదులు” అనేదాకా కాలు తీయకుండా పట్టుకుంది. ఈ బదులు చెప్పడం చాలా ముఖ్యం. నిపుల్ తెరిచి ఉండగా కాలు లేస్తే ఆ ఒక్క క్షణంలోనే గాలి లోపలికి పోతుంది. మూడవ తొక్కుకు పెసరగింజంత బుడగ ఒకటి బయటికి వచ్చింది. ఆ తరువాత పెడల్ ఒక్కసారిగా పైకి, గట్టిగా నిలిచింది. సీసా ఒంటరిగా బయటికి తీయలేకపోయిన గాలి అదే.

నా నిర్ణయం దీని మీదే ఆధారపడింది. లైను విప్పకుండా పాత ఆయిల్ మాత్రం మార్చేవారికి ఈ సీసా చక్కగా సరిపోతుంది. నేల మీద చుక్క పడకుండా, ఎవరినీ పిలవకుండా నాలుగు చక్రాల పని ముగించవచ్చు. పైపు, కాలిపర్, వీల్ సిలిండర్ వంటివి విప్పి బిగించినవారు మాత్రం చివరి విడతకు రెండవ మనిషిని తప్పక పిలుచుకోవాలి. ప్యాడ్లు మాత్రమే మార్చినవారికి సాధారణంగా గాలి తీసే అవసరమే రాదు; పిస్టన్ వెనక్కి నెట్టినప్పుడు ట్యాంకు పొంగకుండా చూసుకుని, బండి కదిపే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కితే చాలు.

వస్తువులోని లోపాలు కూడా చెబుతాను. రబ్బరు మూతి ముందు కాలిపర్ల నిపుల్‌కు బిగుతుగా కూర్చుంది, వెనుక డ్రమ్ముల దగ్గరి చిన్న నిపుల్‌కు మాత్రం వదులై రెండుసార్లు ఊడింది. ఊడినప్పుడు ఆయిల్ డ్రమ్ము వెనుక పలక మీద కారింది. అది లోపలి లైనింగుకు అంటి ఉంటే ఆ షూలు మార్చవలసి వచ్చేది. ఒక చిన్న ప్లాస్టిక్ టై బిగించి సరిచేసుకున్నాను, అయితే అలాంటి టై ఒకటి పెట్టెలోనే పెట్టి ఇవ్వవలసింది. అయస్కాంతం బలం సీసా నిండేకొద్దీ చాలదు. ఒకసారి జారి ఫెండర్ మీద ఆయిల్ చిందింది. బ్రేకు ఆయిల్ రంగును తినేస్తుంది కనుక వెంటనే నీళ్లు ధారగా పోసి కడిగాను, మచ్చ పడలేదు. పక్కన బకెట్టు నీళ్లు, చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు.

సీసాతోపాటు వచ్చిన కాగితంలో లేని విషయాలు మరికొన్ని ఉన్నాయి. పాత కారులో పెడల్‌ను నేల దాకా తొక్కితే, మాస్టర్ సిలిండర్ లోపలి సీళ్లు రోజూ తిరగని, మురికి పేరుకున్న చోటికి జరిగి చిరిగిపోయే ప్రమాదం ఉంది. పెడల్ కింద రెండంగుళాల చెక్క ముక్క పెట్టుకుంటే ఆ భయం ఉండదు. రెండు కాలిపర్లూ విప్పినవారు కుడిది ఎడమకు, ఎడమది కుడికి బిగిస్తే నిపుల్ కింది వైపుకు వస్తుంది, అప్పుడు పైన చేరిన గాలి ఎన్ని లీటర్లు పోసినా బయటికి రాదు. హోస్ పైపును కాలిపర్‌కు బిగించే బోలు బోల్టు (బంజో బోల్టు) దగ్గర పైపు మూతికి రెండు వైపులా కొత్త రాగి వాషర్లు వేయాలి. నిపుల్‌కు రింగు స్పానరే వాడాలి. మామూలు స్పానర్‌తో దాని మూలలు అరిగిపోతాయి. ఏ చక్రంతో మొదలుపెట్టాలన్నది కారు సర్వీసు మాన్యువల్‌లో చూసుకోవాలి, ఎందుకంటే చాలా చిన్న కార్లలో లైన్లు ఒక ముందు చక్రాన్ని దానికి ఐమూలగా ఉన్న వెనుక చక్రంతో కలుపుతాయి. మాది ఏబీఎస్ (బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) లేని పాత కారు. ఏబీఎస్ ఉన్న కారులో గాలి దాని హైడ్రాలిక్ యూనిట్‌లోకి చేరితే, చాలా మోడళ్లలో స్కానర్ తగిలించి లోపలి వాల్వులను ఆడించాలి. అది ఈ సీసాతో అయ్యే పని కాదు, బండిని వర్క్‌షాపుకు చేర్చాలి. అదీ తోలుకుని కాదు, లారీ మీద ఎక్కించి.

పని ముగిశాక పరీక్ష ఇలా చేశాను. ఇంజిన్ ఆపి ఉండగా పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కి, కాలి బలాన్ని పెంచే బూస్టర్‌లోని వాక్యూమ్ ఖర్చుచేసి, గట్టిగా తొక్కి నిమిషంపాటు పట్టుకున్నాను. కొంచెం కూడా కిందికి జారలేదు. అలా పట్టుకునే ఇంజిన్ స్టార్ట్ చేస్తే పెడల్ కొద్దిగా దిగి ఆగింది, బూస్టర్ పనిచేస్తున్నదనడానికి అది గుర్తు. నాలుగు నిపుళ్లనూ, కొత్త పైపు రెండు కొసలనూ తెల్ల కాగితంతో తుడిచి చూస్తే తడి అంటలేదు. ఆ తరువాత నిపుళ్లకు రబ్బరు టోపీలు తొడిగి, హ్యాండ్ బ్రేకు మీద చేయి ఉంచి, మా వీధిలోనే నడక వేగంతో పదిసార్లు ఆపి చూశాను. సీసాలో చేరిన నల్లటి పాత ఆయిల్‌ను కాలువలో పోయకుండా, వాడిన ఇంజిన్ ఆయిల్ జమచేసే గ్యారేజీలో విడిగా ఇచ్చాను.

మరుసటి శనివారం కొండకు వెళ్లి రెండవ గేరులో దిగి వచ్చాము. అలిపిరి దగ్గర బండి ఆపి చూస్తే పెడల్ ఉదయం ఉన్న ఎత్తులోనే ఉంది, ట్యాంకులో మట్టం తగ్గలేదు. ఆ సీసాను కడిగి, ఆరబెట్టి దాచాను. రెండేళ్ల తరువాత ఆయిల్ మార్చేటప్పుడు మళ్లీ వాడతాను, వెనుక నిపుళ్లకు సరిపడే సన్న గొట్టం ఒకటి విడిగా కొనుక్కుని.