డిజిటల్ ప్రింట్ మీద లినో అచ్చు: నాలుగేళ్ళు వాడాక

నాలుగేళ్ళుగా చెన్నైలో, పెరంబూర్‌లో మా ఇంటి మేడ గదిలో చేత్తో కుట్టిన పుస్తకాలు చేస్తున్నా. ఒక్కోటి పదిహేను ఇరవై కాపీలే. ఫొటోలూ పాత చేతిరాతలూ ఇంక్‌జెట్‌లో తీసి, వాటి మీద లినో అచ్చు కొడతా, అంటే మెత్తటి లినోలియం షీటు మీద బొమ్మ చెక్కి, ఇంక్ పూసి కాగితం మీద అద్దడం. రెండూ కలుస్తాయా అంటే భేషుగ్గా కలుస్తాయి, కాకపోతే ప్రింటర్‌లో ఏ ఇంక్ పోశారన్న దాని మీదే సగం పని ఆధారపడి ఉంటుంది.

మొదట్లో ఇంట్లో ఉన్న ఆరు రంగుల ప్రింటర్‌తో కానిచ్చేశా, అందులోది డై ఇంక్, అంటే నీళ్ళలో కరిగే రంగు. మా నాయనమ్మ చీటీల లెక్కల పుస్తకం స్కాన్ చేసి పేజీలన్నీ తీశాక, కాగితం కాస్త తడిపితే అచ్చు బాగా దిగుతుందని ఎవరో అంటే స్పాంజ్‌తో తడిపా, అంతే, "పాలాయన 50" అన్న లైన్ కాస్తా ఊదారంగు మరకైపోయింది. తర్వాత పిగ్మెంట్ ఇంక్ (సన్నటి రంగు పొడితో చేసేది) ప్రింటర్ కొన్నా. ఈ ఇంక్ ఆరాక నీళ్ళకి కరగదు. పూత లేని కాగితం మీద నలుపు మెరవదు, బొగ్గుతో రాసినట్టుంటుంది, నాకైతే అదే నచ్చింది.

ఇంకోటి, ముందు డిజిటల్, తర్వాతే లినో. ఒకసారి తిరగేసి చేశా. లినోకి పూసే నూనె ఇంక్ పైకి ఆరినట్టే కనిపించినా ప్రింటర్ లోపలి పళ్ళ చక్రాలకి అంటుకుని ప్రతి పేజీకీ పొడుగునా చుక్కల గీత పడింది. ఈ నూనె ఇంక్ నీళ్ళలా ఆవిరైపోయి ఆరదు, గాలిలో ఆక్సిజన్ పట్టి గట్టిపడాలి, నవంబర్ వానల్లో దానికి వారం పైనే పడుతుంది. అన్నాళ్ళూ తాడు నిండా క్లిప్పులూ కాగితాలే, బట్టలెక్కడ ఆరేసుకోవాలే అని అమ్మ గొడవ. లేజర్ ప్రింటర్ కూడా చూశా గానీ మడత దగ్గర టోనర్ (దాని ఇంక్ పొడి) పెచ్చులూడుతుంది, వదిలేశా.

కాగితం ఆండర్సన్ స్ట్రీట్‌లో కొంటా. హ్యాండ్‌మేడ్ కాగితమైతే ప్రింటర్‌లో పెట్టేముందు పొడి బ్రష్‌తో నూగు దులపాలి, లేకపోతే ఇంక్ చిమ్మే హెడ్‌లోకి పోతుంది. ప్రింటర్ ఒక్కో షీట్‌ని మిల్లీమీటర్ అటూ ఇటూ లాగుతుంది కాబట్టి అచ్చు అంచుకి అంచు అతకాలని మొండికేయొద్దు, కొంచెం మీదకెక్కేలా చెక్కుకోండి.

అచ్చులో అక్షరాలు తిరగబడతాయన్నది మర్చిపోయి తెలుగు టైటిల్ రెండుసార్లు తిన్నగా చెక్కేసి లినో పాడుచేశా. ఇప్పుడు కంప్యూటర్‌లోనే అద్దంలోలా తిప్పి ప్రింట్ తీసి, కార్బన్ పేపర్‌తో లినో మీదకి దించుకుంటున్నా. ప్రెస్ లేదు, స్టీల్ గరిటె వీపుతో రుద్దడమే. అట్టలకి మైదా జిగురు, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం.

పిగ్మెంట్ ప్రింటర్‌తో నా గొడవల్లా ఒక్కటే, ఊరికే వదిలేస్తే నాజిల్స్ (హెడ్‌లో ఇంక్ వచ్చే సన్నటి రంధ్రాలు) మూసుకుపోతాయి. అందుకని పనున్నా లేకపోయినా వారానికో రంగుల పేజీ తీస్తా, వాటి వెనకవైపు ఇప్పుడు అమ్మ పాల లెక్క రాసుకుంటోంది.